కొత్తల పండుగ లేని ఏడాది

తల్లాడ,
జూలై మొదటివారం.

గంగయ్య బావకు,

నీ చెవులు సరిగ్గా ఉంటే ఈపాటికి ఫోన్లోనే నీ బుర్ర తినేసేవాణ్ణి. ఓపెన్‌కాస్టు గనిలో పేలుళ్లు నీ వినికిడిని పట్టుకుపోయాక మనిద్దరికీ పోస్టాఫీసే దిక్కయింది. ఈ వానల్లో మీ రేగులగుంపు దాకా బురద తొక్కుకుంటూ వచ్చే పోస్ట్‌మ్యాన్ రూప్లాకు నా పేరు చెప్పి టీ పోయించు.

ఈమధ్య అమెరికా పెద్దకోర్టులో గట్టి తీర్పు వచ్చింది, చూశావా? అక్కడి అధ్యక్షుడు ఏదో ఉత్తర్వు ఇస్తాడు. ఎక్కడో ఒక జిల్లా జడ్జి దాన్ని దేశమంతటికీ ఆపేస్తాడు. ఇకమీదట అలా కుదరదన్నారు. ఎవరు కోర్టుకొచ్చారో రక్షణ వాళ్లకే. పక్కింటివాడికి కావాలంటే పక్కింటివాడు కూడా కోర్టు మెట్లెక్కాలి. టీకొట్టు దగ్గర నేనిది ఆవేశంగా వివరిస్తుంటే గోపాలు మధ్యలో అడ్డం తగిలాడు. "మాస్టారూ, మా ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి వారమైంది. దాని సంగతేమన్నా చెప్పిందా ఆ కోర్టు?" అన్నాడు. అందరూ ఒకటే నవ్వు. ఊళ్లో నా పేరు ఇప్పుడు అమెరికా పున్నయ్య. పాతికేళ్లు కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పినందుకు దక్కిన బిరుదు ఇది.

మీ కేసు సంగతి. మురళీకృష్ణ హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. నా దగ్గర చదువుకున్నవాడే, వకీలుగా బాగా పైకొచ్చాడు. కాగితాలన్నీ సిద్ధమట. "ఊళ్లో అందరి పేర్లూ పెడదామంటే వాళ్లు వినడం లేదు మాస్టారూ, ఊరి పెద్ద సమ్మయ్య ఒక్కడి పేరు చాలంటున్నారు" అన్నాడు. వాళ్ల పద్ధతి వాళ్లకు తెలుసులే, చెప్పినట్టే వేసెయ్ అన్నాను. మీ పోడు చెలకల జోలికి ఎవరూ రాకుండా స్టే తెస్తానన్నాడు.

పుల్లమ్మ చెల్లె భద్రాచలం బస్సులో పంపిన జొన్న విత్తనం చేరింది. మా సుబ్బరత్నం దాన్ని చూసి తెగ మురిసిపోయింది. మిరప వేసే చేను పక్కన ఒక మడి దున్నించి అందులో చల్లింది. ఇక్కడ జొన్న వేసేవాళ్లే లేరు, పక్షులకు పండగే అని నేను వెక్కిరిస్తే, చెల్లె విత్తనాన్ని పక్షులకు వదిలేదాన్ని కాదంది.

చెల్లె కాళ్ల వాపు తగ్గిందా? రాయి.

మీ
బసవపున్నయ్య


రేగులగుంపు,
జూలై నెలాఖరు.

పున్నయ్య బావకు,

ఖమ్మం హాస్టల్లో ఒకే గదిలో పడుకున్న రోజుల్నుంచి నువ్వు చెబుతూనే ఉన్నావు, నేను వింటూనే ఉన్నాను. చెవులు పోయినా నీ పాఠం మాత్రం తప్పలేదు. అమెరికా తీర్పు చదివాను. మీ గోపాలు అడిగిందే మంచి ప్రశ్న.

ఒక్క పేరే ఎందుకని మీ వకీలు ఆశ్చర్యపోయాడట. మా దగ్గర సంబంధం మాట్లాడాలన్నా, తగువు తీర్చాలన్నా, వేల్పుకు మొక్కాలన్నా ఊరి పెద్ద ఒక్కడే నోరు విప్పుతాడు. ఆయన అన్నది అందరూ అన్నట్టే. ఎవరి పేరు వాళ్లు విడిగా చెప్పుకుంటే గుంపు చీలిపోయిందని అర్థం. కాగితం మీద అందరి పేర్లూ ఉంటే మంచిదేమోనని నేనొక మాట అని చూశాను. సమ్మయ్య నా మీద గయ్యిమన్నాడు, పెదవులు చూస్తేనే తెలిసింది. "నా పేరు రాస్తే గుంపు రాసినట్టే. నేనొక్కణ్ణే బతుకుతనా ఏంది?" అన్నాడు. మిగతావాళ్లు అవ్ అవ్ అన్నారు. గనిలో జీతం తీసుకుని పెన్షన్ తింటున్నవాణ్ణి, నా మాటకు అంతకుమించి బరువు లేదు.

పుల్లమ్మకు ఈ కేసు మీదే ప్రాణం. గుట్టకింది చెలక వాళ్ల నాన్న గొడ్డలి పట్టి చదును చేసింది. సర్కారు అడవి బిడ్డలకు పోడు పట్టాలిచ్చినప్పుడు మా గుంపు సర్వేలో పడలేదు. ఇప్పుడు అడవిశాఖ ప్లాంటేషన్ వాళ్లు అక్కడ జామాయిల్ మొక్కలు పెడతామంటున్నారు. ఇన్నేళ్లు నా జీతం ఇంట్లోకి వచ్చినా ఆమె ఆ చెలకను ఒక్క ఏడు కూడా బీడు పెట్టలేదు. ఈసారి కాళ్లు వాచి ఉన్నా వచ్చి గట్టు మీద కూర్చుని విత్తించింది. కొద్దిదూరం నడిస్తే ఆయాసం. మణుగూరు దవాఖానలో గుండె బలహీనంగా ఉందన్నారు. ఆ మాట ఆమెకు చెప్పలేదు, నువ్వు కూడా ఉత్తరంలో రాయకు. నీ ఉత్తరాలు పైకి చదివి వినిపించమని కూర్చుంటుంది.

నీ తీర్పు విన్నాక ఒకటి అడిగింది. "ఆ దేశంల ఈ తెల్లోళ్లు రాకముందుగాల ఎవలుండ్రు? వాళ్ల భూములు ఏమైనయి? వాళ్లు కోర్టుకు పోలేదా?" నాకు తెలియదు, అన్నను అడుగుతానన్నాను. మీ తాత కృష్ణా జిల్లా నుంచి ఎడ్లబండి కట్టుకుని వచ్చినప్పుడు తల్లాడలో ఎవరుండేవాళ్లని కూడా అడగమంది కానీ, అది నేను అడగను. బావవి కదా.

గంగయ్య


తల్లాడ,
ఆగస్టు రెండోవారం.

గంగయ్య బావకు,

స్టే వచ్చింది! మురళీకృష్ణ ఫోన్ పెట్టేసిన వెంటనే కూర్చుని రాస్తున్నాను. ఆర్డరు కాపీ రిజిస్టర్డు పోస్టులో పంపుతున్నాడు. సమ్మయ్యకు నా దండాలు చెప్పు. సుబ్బరత్నం పరమాన్నం వండింది. షుగరుందని నాకు రెండు చెంచాలే పెట్టిందనుకో.

మా తాత సంగతి అడగనంటూనే అడిగావు. మా తాత వచ్చేసరికి ఇక్కడ ఎవరుండేవాళ్లో మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు చెప్పేవాళ్లూ లేరు.

చెల్లె అడిగిన అమెరికా ప్రశ్నకు మాత్రం మంచి జవాబుంది. పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

ఆ దేశంలో చెరోకీలని ఒక జాతి ఉంది. కొండలూ అడవులూ ఉన్నచోట ఎన్నో తరాలుగా వాళ్ల ఊళ్లు. చేలల్లో మొక్కజొన్న పండించుకునేవాళ్లు. వాళ్ల నేలలో బంగారం కనపడేసరికి పక్కనున్న రాష్ట్రం కన్ను దాని మీద పడింది. ఇకనుంచి అక్కడ మా చట్టమే నడుస్తుందని చెప్పింది. వాళ్లతో కలిసి ఉంటున్న ఒక తెల్ల పాస్టరు ఆ చట్టానికి లొంగనన్నాడు. ఆయన్ని జైల్లో పెట్టారు. ఆయన పేరు మీద కేసు పెద్దకోర్టుకు వెళ్లింది. పేరు ఆయనది, తగువు మాత్రం వాళ్లందరి నేలది. దాదాపు రెండువందల ఏళ్ల కిందట ఆ కోర్టు ఏమందో తెలుసా? చెరోకీల నేల మీద ఆ రాష్ట్రం చట్టం చెల్లదు పొమ్మంది! నేను క్లాసులో ఈ తీర్పు చెప్పిన రోజున వెనక బెంచీవాళ్లు కూడా నిద్రపోయేవాళ్లు కాదు.

చెల్లెకు నచ్చే సంగతి ఇంకోటుంది. వాళ్లకు కూడా కొత్తల పండుగ ఉంది. కొత్త మొక్కజొన్న చేతికొచ్చాక ఊరంతా చేరి, పాత నిప్పు ఆర్పి కొత్త నిప్పు రాజేసి, పండుగ చేసుకున్నాకే గింజ నోట్లో పెడతారు. అంతవరకు ఎంత ఆకలైనా ముట్టరు. ఇది చదివినప్పుడు నాకు మీ ఇంటి గడపలో కూర్చుని, ముందు నేలకు పెట్టాలంటూ నా చేతిలో కంకి లాక్కున్న చెల్లే గుర్తొచ్చింది.

కనుక ధైర్యంగా ఉండండి. కోర్టు అనేది ఒకటుంది.

మీ
బసవపున్నయ్య


రేగులగుంపు,
ఆగస్టు చివర.

పున్నయ్య బావకు,

నీ ఉత్తరం మా ఇంట్లో ఆగలేదు. పుల్లమ్మ ఒక్కసారి విని సరిపెట్టుకోక, సమ్మయ్య ఇంటి పందిట్లో అందరినీ కూర్చోబెట్టి నాచేత మళ్లీ చదివించింది. చెరోకీలు అన్న పేరు పిల్లలకు భలే నచ్చింది. మధ్యాహ్నమంతా అదే అరుచుకుంటూ ఆడారట. నాకు వినపడదు కనుక నాకేం ఇబ్బంది లేదు.

కొత్తల పండుగ దగ్గరికి వచ్చేసరికి ముసలివాళ్లు నన్ను ఆపారు. నిజమేనా, మీ దోస్తు మనల్ని మురిపించడానికి రాసిండా అన్నారు. మా బావ అబద్ధం రాయడని చెప్పాను. పుల్లమ్మ ముఖం చూడాల్సింది. "కొత్త తినకుంట ఆగెటోళ్లంటే మనోళ్లే. ఎక్కడ్నో తప్పిపోయిన మన గోత్రపోళ్లే" అని తేల్చేసింది. అప్పటినుంచి ఆమెకు వాళ్లు చుట్టాలు.

ఆర్డరు కాపీ వచ్చింది. ఇంగ్లీషు నేను కూడబలుక్కుని చదివాను. స్టే అన్న మాట ఉంది, కోర్టు ముద్ర ఉంది. సమ్మయ్య దాన్ని పాలిథిన్ కవర్లో పెట్టి దూలానికి కట్టాడు. ఆ సాయంత్రం డోలు కొట్టారు. దెబ్బ నా గుండెకు తగిలింది, ఆ మాత్రం నాకూ తెలుస్తుంది. చెలకల్లో జొన్న నడుమెత్తు ఉంది. ఈసారి పండుగకు నిన్నూ చెల్లెమ్మనూ తీసుకురమ్మని పుల్లమ్మ ఆజ్ఞ. ఆమె వాపు ఈమధ్య కొంచెం తగ్గింది. సంతోషానికేమో.

నువ్వు తీర్పు దగ్గర ఆపేశావు. తరువాత ఏమైందని ఆమె రోజూ అడుగుతోంది. గెలిచిన ఏడు వాళ్లు పండుగ ఎట్లా చేసుకున్నారట? పాస్టరు జైలు నుంచి వచ్చాడా? వచ్చి ఏం తిన్నాడు? ఇన్ని ప్రశ్నలు నేను తట్టుకోలేను. తొందరగా రాయి.

గంగయ్య


తల్లాడ,
సెప్టెంబరు.

గంగయ్య బావకు,

ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. వానలు, మిరప నారు, ఇంట్లో జ్వరాలు. ఊళ్లో పనులన్నీ నా నెత్తి మీదే పడ్డాయి.

అమెరికావాళ్లు మన సరుకు మీద వేసిన సుంకం సంగతి వినే ఉంటావు. అక్కడి అపీలు కోర్టు ఆ సుంకం చెల్లదని చెప్పింది. చెల్లదంటూనే, పెద్దకోర్టు తేల్చేదాకా వసూలు చేసుకోనిచ్చింది. అంటే చెల్లదు, కానీ కట్టాలి! టీకొట్టులో ఇది ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. ఇంకోపక్క బయటి పత్తి మీద మన దగ్గర సుంకం ఎత్తేశారు. ఈసారి ఖమ్మం మార్కెట్లో పత్తి ధర ఏమవుతుందోనని అందరికీ గుబులు. నవంబరులో పెద్దకోర్టు వింటుందట. చూడాలి.

మా మడిలో చెల్లె జొన్న మనిషెత్తు పెరిగింది. దారినపోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. సుబ్బరత్నం రోజూ పొద్దున్నే వెళ్లి దిష్టి తీసినంత పని చేసి వస్తోంది.

చెల్లె అడిగినవి రాస్తాను. పెద్ద కథ అది, తీరిగ్గా రాయాలి. ముందు ఆమెను వేళకు మందులు వేసుకోమను. ఉప్పు తగ్గించమను.

సుబ్బరత్నం నా భుజం మీదుగా ఈ ఉత్తరం చదివి, "అడిగింది తప్ప అన్నీ రాశారు" అని వెళ్లిపోయింది. ఆడవాళ్లతో ఇదే చిక్కు.

మీ
బసవపున్నయ్య


రేగులగుంపు,
అక్టోబరు.

బసవపున్నయ్యకు,

జేసీబీలు వచ్చాయి. చెలకల చుట్టూ కందకం తవ్వారు. జొన్న పాలు పోసుకునే అదనులో ఉంది. దాని మధ్యలోనే గుంతలు తీసి జామాయిల్ మొక్కలు నాటారు.

సమ్మయ్య దూలానికి కట్టిన కవరు విప్పి పరుగున తెచ్చి చూపించాడు. వచ్చిన ఆఫీసరు దాన్ని పూర్తిగా చదివాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఆయన పెదవుల మీద నేను చదివింది ఇదీ. ఈ స్టే సమ్మయ్య అనే పిటిషనరు సాగులో ఉన్న భూమికి మాత్రమే, ఆయన చెలకను మేం ముట్టుకోం, మిగతావాళ్లకు కోర్టు ఏమీ ఇవ్వలేదు. అన్నట్టే సమ్మయ్య చెలక గట్టు దాకా వచ్చి యంత్రం పక్కకు తిరిగింది. మీ మురళీకృష్ణకు మా గుంపు పిల్లలు ఫోన్ చేశారు. అవునన్నాడు. అందుకే అందరి పేర్లూ అడిగానన్నాడు.

ఆ సాయంత్రం నీ జూలై ఉత్తరం తీసి మళ్లీ చదివాను. ఎవరు కోర్టుకొచ్చారో రక్షణ వాళ్లకేనని అమెరికా గురించి నువ్వే రాశావు. దాని కింది పేరాలోనే, ఒక్క సమ్మయ్య పేరు చాలన్నామని కూడా రాశావు. నువ్వు రాశావు, నేను చదివాను. అమెరికాది మనకు ఎంత బాగా అర్థమైందో చూడు. నిన్ను అని లాభం లేదు. నేను బి.ఏ. చదివినవాణ్ణి.

సమ్మయ్య ఇంట్లోంచి బయటికి రావడం లేదు. "అందరియి తవ్వి నాదొక్కటి ఇడిసిండ్రు. నాది గూడ తవ్వితే తలెత్తుకొని తిరుగుదును" అని ఏడ్చాడు. ఆయన జొన్న పక్షులు తింటున్నాయి. కొట్టడానికి కూడా వెళ్లడం లేదు.

మా పద్ధతి నీకు తెలుసు. ముందు ఎవరి చెలకలో వాళ్లు ఒక కంకి నేలకు పెట్టాలి, ఆ తరువాతే ఊరంతా కలిసి కొత్తలు. చెలకలు కందకానికి అవతల ఉన్నాయి. పండుగ లేదు. పండుగ లేదు కనుక పుల్లమ్మ కొత్త గింజ ఏదీ ముట్టడం లేదు. కంది లేదు, అనుములు లేవు. రేషన్ బియ్యం గంజి తాగుతోంది. వాపు మోకాళ్ల పైకి వచ్చింది.

కందకం గట్టున కూర్చుని నన్ను అడిగింది. "అన్న రాసిండా? మనోళ్లది ఏమైందట?" నీ సెప్టెంబరు ఉత్తరంలో సుంకాలున్నాయి, పత్తి ధర ఉంది. ఆమె అడిగింది లేదు. ఏమైందో నాకిప్పుడు కొంచెం తెలుస్తోంది. అయినా నువ్వే రాయి.

గంగయ్య


తల్లాడ,
అక్టోబరు నెలాఖరు.

బావా,

నువ్వు నన్ను బావ అనకుండా రాసిన మొదటి ఉత్తరం అది. సుబ్బరత్నం తీసుకుని చదివి, కాగితం పెన్నూ తెచ్చి నా ముందు పెట్టింది.

ఏమైందో రాస్తాను. తీర్పు వచ్చింది కానీ ఎవరూ దాన్ని అమలు చేయలేదు. రాష్ట్రం లెక్కచేయలేదు, అప్పటి అధ్యక్షుడు కూడా వేలు కదపలేదు. పాస్టరు మరో ఏడాది దాకా జైల్లోనే ఉన్నాడు. చివరికి క్షమాభిక్ష కింద వదిలారు. కేసు ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషి బయటికి వచ్చాడు, తగువు ఎవరి నేలదో వాళ్లు మాత్రం నిలవలేదు. ఇంకొన్నేళ్లకు సైన్యం వచ్చి చెరోకీలను ఇళ్లలోంచి లాగి, మొదట పశువుల్లా కంచె దొడ్లలో పెట్టి, తరువాత పడమటి దిక్కుకు వందల మైళ్లు నడిపించింది. చలికాలం. నాలుగోవంతు మంది దారిలోనే పోయారంటారు. ఆ పాస్టరు కూడా పడమటికే వెళ్లి, వాళ్ల మధ్యే ఉండి, అక్కడే కన్నుమూశాడు.

ఇది నాకు తెలియనిది కాదు. ఆగస్టులో రాస్తున్నప్పుడే తెలుసు. మీ స్టే వచ్చిన రోజు అది. చెల్లె నవ్వుతున్నట్టు కళ్లకు కట్టింది. ఆ ముఖానికి ఈ మాటలు రాయలేక తీర్పు దగ్గర ఆపేశాను. ఇన్నేళ్లూ క్లాసులో కూడా అక్కడే గంట కొట్టేవాళ్లు, మర్నాడు ఇంకో పాఠం మొదలయ్యేది. పిల్లలెవరూ తరువాత ఏమైందని అడగలేదు. చెల్లె ఒక్కతే అడిగింది.

నాకు చాలా బాధగా ఉంది బావా. ఇంతకంటే బాగా చెప్పడం రావడం లేదు.

మురళీకృష్ణ మళ్లీ కేసు వేస్తున్నాడు. ఈసారి ఇంటింటికీ పేరు కావాలి, మొగుడిది వేరుగా, పెళ్లాందీ వేరుగా. సమ్మయ్యకు నచ్చజెప్పు. ఆయన తప్పు ఏమీ లేదని నా మాటగా చెప్పు. అందరి తరఫునా ఒకడు నిలబడడం తప్పెలా అవుతుంది? ఆ సంగతి కోర్టు కాగితానికి తెలియదు, అంతే.

చెల్లెను ఖమ్మం తీసుకురా. మంచి గుండె డాక్టరున్నాడు. మా ఇంట్లో ఉండొచ్చు. ఇక్కడి మడిలో ఆమె జొన్న కంకి గట్టిపడుతోంది. సుబ్బరత్నం నన్ను ఒక్క పచ్చి కంకి కూడా కాల్చుకోనివ్వలేదు. చెల్లె వచ్చి పండుగ చేసేదాకా ఎవరూ ముట్టకూడదట. రోజంతా డబ్బా కొడుతూ పక్షుల్ని తోలుతోంది.

ఈ ఉత్తరం ఆమెకు చదవాలో వద్దో నీ ఇష్టం.

నీ
బసవపున్నయ్య


రేగులగుంపు,
నవంబరు మూడోవారం.

బావా,

పుల్లమ్మ పోయింది. సోమవారం పొద్దున. ఖమ్మం బయలుదేరదామని బట్టలు కూడా సర్దాను.

నీ ఉత్తరం ఆమెకు చదవలేదు. రూప్లా తెచ్చిచ్చినప్పుడు మంచంలోనే ఉంది. కవరు మీద నీ అక్షరాలు గుర్తుపట్టి చెయ్యి చాపింది. వాకిట్లోకి వెళ్లి నేనొక్కణ్ణే చదువుకుని లోపలికొచ్చాను. ఆమె మాట్లాడితే నాకు వినపడదు, పెదవులు చూసి తెలుసుకుంటాను. ఇన్నేళ్ల అలవాటు. ఆయాసంతో పెదవులు సరిగ్గా కదలడం లేదు. రెండుసార్లు అడిగితే అర్థమైంది. "మనోళ్లు పండుగ చేసుకుండ్రా?"

చేసుకున్నారని చెప్పాను. ఇంకో చోటికి పోయారట కానీ పండుగ మాత్రం విడవలేదట, అన్న అదే రాశాడని చెప్పాను. కాగితం చూస్తూ చదువుతున్నట్టే చెప్పాను. ఆమె తల ఊపింది. ఆ పూట గంజి కొంచెం ఎక్కువ తాగింది. మా బావ అబద్ధం రాయడని ఊరి ముందు చెప్పినవాణ్ణి, నీ పేరు మీద నేనే అబద్ధమాడాను. నువ్వు కోప్పడవులే.

ఆమెను గుట్టకింది చెలకలోనే పెట్టాం. కందకం మీద దుంగలు వేసి దాటించాం. కాపలా ఉన్న మనిషి లేచి నిలబడ్డాడు, అడ్డుపడలేదు. మొక్కల వరసల మధ్య జాగా చూసి తవ్వారు. ఆమె జొన్న ఒక్కటి కూడా నిలిచి లేదు. పశువులు తొక్కినవి తొక్కగా మిగతాది ఎండిపోయింది.

సమ్మయ్య ఆ రోజే బయటికి వచ్చాడు. మట్టి వేశాక అక్కడే నిలబడి కొత్త కేసు కాగితం తెమ్మన్నాడు. అందరూ పేర్లిచ్చారు, వేలిముద్రలు వేశారు. పుల్లమ్మ పేరు కూడా రాయించాడు. పోయినవాళ్ల పేరు కుదరదని ఫోన్లో మురళీకృష్ణ చెబితే ఒప్పుకోలేదు. "అప్పుడు ఒక్కని పేరు రాసి అందర్ని ఇడిసినం. ఇప్పుడు ఒక్కర్ని గూడ ఇడువ" అన్నాడట. కోర్టులో కొట్టేస్తే కొట్టేయనీ.

దినం వచ్చే బుధవారం పెట్టుకున్నాం. కొత్త తినకుండా పోయినవాళ్లకు దినం నాడు వాళ్ల విత్తనంలో పండిన కొత్త గింజ వండి పెట్టి పంపాలి. అలా పెట్టకపోతే వాళ్లు ఆకలితోనే తిరుగుతారంటారు మా పెద్దలు. సమ్మయ్య తన చెలకలో పక్షులు వదిలిన నాలుగు కంకులు ఇస్తానన్నాడు. కానీ అవి సమ్మయ్య ఇంటి విత్తనం. పుల్లమ్మది వాళ్ల నాన్న దగ్గర్నుంచి ఆమె విడిగా దాచుకుంటూ వచ్చింది. ఇంట్లో ఉన్న కుండ ఖాళీగా ఉంది. అంతా విత్తేసింది కదా. నీళ్లే పెట్టి పంపుతాం. ఏం చేస్తాం.

ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో చెప్పలేను. చెవిటివాడు ఈ మాట అంటే నవ్వకు.

గంగయ్య


తల్లాడ,
శనివారం.

బావా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఇది రాసి భద్రాచలం బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను, పోస్టుకు ఇచ్చేంత వ్యవధి లేదు. మణుగూరులో రూప్లాకు అందిస్తానన్నాడు.

ముందు ఒక మాట. నువ్వు చెల్లెకు అబద్ధం చెప్పలేదు. వాళ్లు నిజంగానే పండుగ చేసుకున్నారు. పాత ఊరి నిప్పును దారంతా ఆరిపోకుండా మోసుకుపోయారని, విత్తనాలు వెంట తీసుకుపోయారని వాళ్ల పెద్దలు చెబుతారట. పడమటి నేలలో మళ్లీ మొక్కజొన్న వేశారు. ఇప్పటికీ కొత్తలు చేసుకుంటారు. అక్టోబరు ఉత్తరంలో నేను ఇది రాసి ఉండాల్సింది. తీర్పులు చదివినంత శ్రద్ధగా నేను పండుగలు చదవలేదు బావా. నీకు తెలియకుండానే నువ్వు నిజం చెప్పావు. చెల్లెకు తెలియాల్సిందే తెలిసింది.

కుండ ఖాళీ అని రాశావు, ఈ దుఃఖంలో మా మడి నీకు గుర్తురాలేదు. అది చదివి సుబ్బరత్నం ఏడుస్తూనే కొడవలి తీసుకుని మడిలోకి వెళ్లింది. వెనకాలే నేనూ వెళ్లాను. నాకు కోత చేతకాదు. ఆమె కోసింది, నేను కట్టలు కట్టాను. కంకులు బరువుగా ఉన్నాయి, గింజ ముత్యంలా ఉంది.

మంగళవారం పొద్దున బస్సుకు ఇద్దరం వస్తున్నాం. బుధవారానికి ఆమె చెలకలో వండి పెట్టేందుకు ఎంత కావాలో అంత ఉంది, మిగిలింది మళ్లీ ఆ కుండలోకి పోస్తుంది సుబ్బరత్నం. చెల్లె విత్తనమే బావా. పక్షుల్ని కూడా ముట్టనివ్వలేదు. మేమింకా ఒక్క గింజ కూడా నోట్లో పెట్టలేదు.

నీ
బసవపున్నయ్య